కేరి రొట్టెలు

రొట్టెలు కలపడంలో నీలవ్వకి ఒక పద్ధతి ఉంది. అడుగున కుండలు చేసే కుంబారుల వీధివి వేస్తుంది, వాటి మీద దుర్గవ్వ వాళ్ళవి, మళ్ళీ కుంబారులవి, పైన ఎప్పుడూ సొంత తోడికోడలు కాల్చినవి. వేలికొసలకి ఒక్కో చెయ్యీ తెలుసు. కుంబార శివక్క రొట్టె నడుమ మందం. తోడికోడలిది ఒక పక్క మాడుతుంది. దుర్గవ్వది అంచు దాకా ఒకటే పలచన. ఎండితే అప్పడంలా మోగుతుంది, నెల నిలవున్నా ముక్కిన వాసన రాదు. అన్నీ పాత చీరముక్క పరిచిన బుట్టలో దొంతరగా ఒదిగాక ఏది ఎవరిదో ఇంకెవరికీ తెలియకూడదు. నీలవ్వ వ్యాపారమంతా అందులోనే ఉంది.

దుర్గవ్వది మాదర కేరి, అంటే మాదిగవాడ. గదగ స్టేషన్ దారిలో ఈరప్ప నడిపే పూటకూళ్ళకి 'లింగాయత ఖానావళి' అని పసుపు అక్షరాల బోర్డు. ఆ బోర్డు చూసుకుని లోపలికొచ్చేవాళ్ళు మాదరుల ఇంట మంచినీళ్ళు పుచ్చుకోరు. అదే మనుషులు దుర్గవ్వ, ఆమె పక్కిళ్ళ ముగ్గురు ఆడవాళ్ళు తట్టిన జొన్నరొట్టెని గుత్తివంకాయతో విరుచుకుని, ఇంకోటి వెయ్యమంటారు. వేసేవాడికి తెలియదు, తినేవాడికి తెలియదు. తెలిసింది నీలవ్వకి, కేరికి. ఇన్నేళ్ళూ నీలవ్వ వేసుకున్న లెక్క అది.

గురువారం పొద్దున ఆమె బుట్ట దించేసరికి ఖానావళిలో ఓ అమ్మాయి కూర్చుని ఉంది. ఈరప్ప గల్లాపెట్టె వదిలేసి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. గల్లా వదిలాడంటే ఏదో ఉంది.

"రా నీలవ్వా. నువ్వూ భాగస్వామివేనట," అన్నాడు.

"దేంట్లో అన్నా?"

"అదే నాకూ అంతుబట్టలేదు."

అమ్మాయి పేరు శాంభవి, ధారవాడ నుంచి వచ్చింది. లేచి నమస్కారం పెట్టింది. "ఈ ఊరి తిండి ఎక్కణ్ణుంచి వస్తుంది, ఎవరెవరి చేతుల మీదుగా వస్తుంది అని తెలుసుకుంటున్నామక్కా. మేమొక్కళ్ళమే కాదు. వ్యవసాయ కాలేజీ, బెంగళూరు సంస్థ ఒకటి, మహిళా సంఘం, హాస్టల్ వార్డెన్, ఖానావళుల వాళ్ళు, హాలెండ్ నుంచి ఇద్దరు. అందరం కలిసి."

"యజమాని ఎవరమ్మా?"

"ఎవరూ లేరు. అందరం సమానం."

యజమాని లేని కొట్టు నీలవ్వ ఎక్కడా చూళ్ళేదు. "మరి సరుకెవరు పెడతారు?"

"మీకు తెలిసిందే సరుకు."

"లాభం?"

"తెలిసిందంతా చివరికి అందరికీ పంచుతాం."

నీలవ్వ వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "అంటే, నాకు తెలిసింది నా దగ్గర తీసుకుని మళ్ళీ నాకే పంచుతారు."

ఈరప్ప పొట్ట కదిలేలా నవ్వాడు. "నీకొక్కదానికే కాదే. హాలెండోళ్ళకి కూడా."

శాంభవి కూడా నవ్వింది గానీ ఆగలేదు. రేపు సముదాయ భవనంలో అందరూ కలవాలి. నీలవ్వ తనకి రొట్టెలిచ్చే ఆడవాళ్ళందరినీ తీసుకురావాలి. ఎవరు ఎవరి దగ్గర తీసుకుంటున్నారో, ఎవరికి ఇస్తున్నారో అందరి ముందూ చెప్పాలి.

"అందరినీనా?" అంది నీలవ్వ.

"ఒక్కరు తప్పినా మొత్తం తెలియదు కదక్కా."

నీలవ్వ ఖాళీ బుట్ట చంకలో పెట్టుకుని బయటికొచ్చింది. ఎండలో నిలబడితే కాళ్ళు ఎటు పోవాలో తేల్చుకోలేదు. రేపు ఆ భవనంలో దుర్గవ్వ నోరు విప్పితే ఈరప్ప ఖానావళి పోతుంది. ఈరప్ప పోతే ఆ వరసలోని ఇంకో మూడు ఖానావళులూ పోతాయి. అవి పోతే నీలవ్వ బుట్టలో గడ్డి మోసుకోవాలి. ఇక్కడి దాకా లెక్క సరిగ్గానే ఉంది. ఆ అమ్మాయికి దీనివల్ల ఏం వస్తుందో మాత్రం ఎంత తిప్పినా తెగలేదు. ఏమీ రాకుండా ఇంతమంది, హాలెండ్ నుంచి కూడా, ఎందుకొస్తారు?

కేరి సందు మొదట్లో మున్సిపాలిటీ కుళాయి, దాని పక్కన ఓ నల్లబండ. రోజూ దుర్గవ్వ మూట తెచ్చి ఆ బండ మీద పెడుతుంది. ఆమె చెయ్యి తీశాక నీలవ్వ ఎత్తుకుంటుంది. డబ్బులూ అంతే, బండ మీద పెడితే ఆమె తీసుకుంటుంది. ఎవరూ చెప్పి పెట్టిన కట్టు కాదు. మొదటిరోజు అలా జరిగింది, తర్వాత అలాగే నడిచింది.

ఇవాళ మధ్యాహ్నం రావడం చూసి దుర్గవ్వ పిండిచేతులతోనే సందు మొదటికి వచ్చింది. "ఏంటక్కా, రొట్టెలు తిరిగొచ్చాయా?"

"నీ రొట్టెలెప్పుడు తిరిగొచ్చాయే. ఇంకో సంగతి. రేపు సముదాయ భవనంలో ఏదో సభ ఉందట."

"తెలుసు. సంఘం సరోజక్క వచ్చి చెప్పింది. కేరి తరఫున నన్నే రమ్మంది. భాగస్వామినట." ఆ మాట అని దుర్గవ్వ కొంగుతో నవ్వు తుడుచుకుంది. "మావాళ్ళని భాగస్వామి అనడం ఇదే మొదటిసారి. దేనిలో అనడిగితే సరోజక్కకి కూడా సరిగ్గా తెలీదు."

దుర్గవ్వని ఎవరూ పిలవకుండా ఉంటే చాలనుకుని నీలవ్వ వచ్చింది. పిలవనే పిలిచేశారు, అదీ ఇంకో దారిలో.

"వెళ్ళు. వెళ్ళొద్దనడం లేదు. కానీ నువ్వు రొట్టెలు ఎవరికిస్తావని అడుగుతారు."

"అడిగితే?"

"ఎవరికీ ఇవ్వనని చెప్పు. మా ఇంట్లోకే కాల్చుకుంటానని చెప్పు."

దుర్గవ్వ చేతికంటిన పిండిని బొటనవేలితో గీకుతూ నిలబడింది. "అందరి ముందూ అలా చెప్పమంటావా?"

"చెప్పు. నీకోసమే అంటున్నా. ఈరప్పకి తెలిస్తే రేపటినుంచి నీ పొయ్యీ ఆరిపోతుంది, నాదీ."

"ఎవరికీ ఇవ్వనని."

"ఎవరికీ ఇవ్వనని."

"సరే అక్కా," అంది దుర్గవ్వ. ఆ 'సరే'లో కోపం ఉందా అని నీలవ్వ వెతికింది. కనబడలేదు. కనబడి ఉంటే కాస్త నిమ్మళంగా ఉండేది.

శుక్రవారం సముదాయ భవనంలో కుర్చీలు గుండ్రంగా వేశారు. ముందు వరస ఏదో, వెనక వరస ఏదో తెలియక అందరూ తలుపు దగ్గరే గుంపు కట్టారు. హాలెండ్ నుంచి వచ్చిన ఎర్రటి ఆయన అందరికంటే ముందు పోయి నేల మీద కూర్చుంటే, ఈరప్ప కుర్చీలో కూర్చోవాలా వద్దా అని లేచి, కూర్చుని, మళ్ళీ లేచాడు. కుంబార శివక్క నీలవ్వ చెవిలో గొణిగింది: "పెళ్ళా, పంచాయితీయా ఇది?"

"నోరు ముయ్యి. చూద్దాం."

ఎవరి దగ్గర తీసుకుంటే వాళ్ళకి దారం విసరడానికి శాంభవి పసుపు ఊలు ఉండ ఒకటి తెచ్చింది. ఈ సభకి ఒకటే నియమం అంది. ఎవరి మాట వాళ్ళే చెప్పాలి. ఒకళ్ళ తరఫున ఇంకొకళ్ళు చెప్పకూడదు, ఒకళ్ళు చెప్పినదాన్ని ఇంకొకళ్ళు దిద్దకూడదు. కాలేజీ పెద్దాయన దీని గురించి చాలాసేపు మాట్లాడాడు. బెంగళూరావిడ ఆయన చెప్పింది కాదని ఇంకోలా చెప్పింది. ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారో వేరు వేరు చెబుతున్నారో నీలవ్వకి తెలియలేదు. నియమం మాత్రం నచ్చింది. తనని ఎవరూ దుర్గవ్వ గురించి అడగరు.

ఈరప్ప ఊలు కొస పట్టుకుని, ఉండని నీలవ్వకి విసిరాడు. "రొట్టెలు ఈమె దగ్గర." నీలవ్వ ఒడిసిపట్టి శివక్కకి విసిరింది, తర్వాత తోడికోడలికి. శివక్క జొన్నలమ్మే ముసలాయనకి విసిరింది. హాస్టల్ వార్డెన్ తనకి రొట్టెలెక్కడా సరిగ్గా దొరకడం లేదని, ఉండని ఎవరికి విసరాలో తెలియక చేతిలోనే పెట్టుకున్నాడు. అందరూ నవ్వారు. కాసేపటికి గది నిండా పసుపు దారాలు అడ్డదిడ్డంగా బిగుసుకున్నాయి. ఒకళ్ళు చెయ్యి కదిపితే నలుగురి చేతులు కదిలాయి.

దుర్గవ్వ ఒక్కత్తే ఖాళీ చేతులతో నిలబడి ఉంది.

"మీరక్కా?" అంది శాంభవి. "మీరు రొట్టెలు చేస్తారని సరోజక్క చెప్పారు. ఎవరికిస్తారు?"

దుర్గవ్వ గదంతా చూసింది. నీలవ్వని మాత్రం చూడలేదు. "నేనెవరికీ ఇవ్వను. మా ఇంట్లోకే కాల్చుకుంటాను," అంది. సరోజక్క ఏదో అనబోయి, నియమం గుర్తొచ్చి ఆగిపోయింది.

నీలవ్వ పట్టుకున్న దారం చెమటకి తడిసి ఉంది. గండం గడిచిందనుకుంది.

శనివారం తెల్లవారి ఆమె సందు మొదట్లో నిలబడేసరికి బండ మీద మూట లేదు. ఇంకా కాలలేదేమో అనుకుంది. లోపలినుంచి చప్పుడు వినిపిస్తోంది, కొయ్యపళ్ళెంలో పిండి తట్టే చప్పుడు, ఒక ఇంట్లోంచి కాదు, నాలుగిళ్ళలోంచీ. చాలాసేపు నిలబడింది. కుళాయి దగ్గర బిందెలు నిండిపోయి ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. చివరికి పిలిచింది.

దుర్గవ్వ గుమ్మంలోకొచ్చింది. సందు మొదటి దాకా రాలేదు.

"మూటేదే?"

"ఏ మూట అక్కా?"

"పరాచికాలాడకు. ఎండ ముదిరిపోతోంది."

"పరాచికం కాదు. నేనెవరికీ ఇవ్వనని నిన్న అంతమందిలో చెప్పాను. ఇవాళ ఇస్తే అబద్ధం అవదా? నలుగురిలో మొదటిసారి లేచి మాట్లాడాను. మొదటి మాటే అబద్ధమైతే ఎట్లా?"

"అది... అది మనం అనుకున్న మాట కదే."

"నువ్వు అనుకున్నావు. నేను చెప్పాను."

"మరి లోపల కాలుస్తున్నవన్నీ?"

"ఇంట్లోకే."

"నాలుగిళ్ళ వాళ్ళు అన్ని రొట్టెలు తింటారా?"

"పిల్లలున్నారు. మొగాళ్ళున్నారు. తింటారు," అంది దుర్గవ్వ, మామూలుగా, జొన్నల ధర చెప్పినట్టు. తర్వాత కాస్త తగ్గి అంది: "ఏ నలుగురిలో ఇవ్వనని చెప్పించావో ఆ నలుగురిలోనే దుర్గవ్వ ఇస్తుందని నువ్వే చెప్పు. అప్పుడు చూద్దాం. సాయంత్రం మళ్ళీ సభ ఉంది కదా."

నీలవ్వ బుట్ట ఆ రోజు భుజానికి తేలిగ్గా తగిలింది. ఖానావళిలో దించితే ఈరప్ప దొంతరని పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూశాడు. రెండు రొట్టెలు తీసి వేళ్ళతో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"కేరివి రాలేదా?"

నీలవ్వ చెయ్యి చీరముక్క మీదే ఆగిపోయింది. "ఏ కేరివి?"

"ఏ కేరివేమిటి. పలచటివి. మోగేవి."

వంటవాళ్ళు లోపల ఉన్నారు. బయట ఇద్దరు ముఖాలు కడుక్కుంటున్నారు. నీలవ్వ గొంతు తగ్గించింది. "నీకెప్పణ్ణుంచి తెలుసన్నా?"

"నువ్వు తేవడం మొదలుపెట్టిన నెలనుంచీ. ముప్ఫై ఏళ్ళుగా రొట్టెలమ్ముతున్నాను, చెయ్యి మారితే తెలియదనుకున్నావా? నువ్వు పేర్చే పద్ధతి చూసే నవ్వుకునేవాణ్ణి."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

ఎవరికి తెలియకూడదని నీలవ్వ ఇన్నేళ్ళు పేర్చిందో వాడికి మొదటినుంచీ తెలుసు. మరి ఎవరినుంచి దాచినట్టు? తినేవాళ్ళ నుంచా? వాళ్ళకీ తెలుసేమో. తెలిసీ విరుచుకుంటున్నారేమో. నీలవ్వకి ఖానావళి గోడలు పక్కకి ఒరిగినట్టనిపించింది.

దుర్గవ్వ పెట్టిన షరతు నీలవ్వ చెప్పింది. ఈరప్ప ముఖంలో నవ్వు పోయింది.

"ఆ పని మాత్రం చెయ్యకు. నాకు తెలియడం వేరు, నా ముందు పైకి అనడం వేరు. రొట్టె తే. పేరు తేకు."

"పేరు లేకుండా ఆమె ఇవ్వనంటోంది."

"అది నీ పేచీ. రేపు శ్రావణ సోమవారం ముందు ఆదివారం, ఊరి మీద జనం. నాకు రొట్టె కావాలి."

మధ్యాహ్నమంతా నీలవ్వ ఇంటి అరుగు మీద కూర్చుని లెక్కలు వేసింది. చెబితే ఈరప్పకి కోపం. కానీ ఈరప్పకి రొట్టె కావాలి, ఆ చేతి రొట్టె గదగలో ఇంకెక్కడా లేదు. వాడికి తెలిసిన సంగతే వాడికి చెబితే కొత్తగా పోయేదేముంది? చెప్పకపోతే కేరి పోతుంది, ఇది ఖాయం. రెండు వైపులా వేసి చూస్తే చెప్పడమే తూగింది. ఇదేదో తను చేస్తున్న మంచిపని అని ఆమె ఒక్క క్షణం కూడా అనుకోలేదు.

సాయంత్రం సభలో శాంభవి నిన్న చెప్పినవన్నీ చదివి వినిపించింది. "ఏవైనా తప్పులున్నాయా? ఇదే ఆఖరు." జొన్నల ముసలాయన తన ఊరి పేరు తప్పన్నాడు. అది కాలేజీవాళ్ళు రాశారా సంఘంవాళ్ళు రాశారా అని వాళ్ళలో వాళ్ళకి చిన్న వాదం నడిచింది. అది సద్దుమణిగాక నీలవ్వ లేచింది.

"నాదొకటి తప్పుంది. నేను రొట్టెలు తీసుకునే ఇళ్ళలో మాదర కేరి దుర్గవ్వ ఇల్లు ఉంది. ఆమె పక్కన మూడిళ్ళు కూడా. ఇవాళా నిన్నా కాదు. చాలా ఏళ్ళుగా. నాలుగు ఖానావళుల్లోనూ వేస్తున్నారు."

ఇద్దరు ఖానావళి యజమానులు ఈరప్ప వైపు తిరిగారు. ఈరప్ప పంకా వైపు చూస్తున్నాడు, దానికేదో మరమ్మతు కావాలన్నట్టు. శివక్క నెమ్మదిగా తన కుర్చీ పక్కకి లాక్కుంది. లాక్కుని, ఎందుకు లాక్కుందో తనకే తెలియనట్టు మళ్ళీ దగ్గరికి జరిపింది.

శాంభవి కళ్ళలో వెలుగొచ్చింది, వెంటనే తగ్గింది. "కానీ నీలక్కా, ఆవిడ నిన్న ఇవ్వనని చెప్పారు. ఆవిడ మాట మీరు దిద్దడానికి లేదు. ఆవిడే చెప్పాలి."

"దిద్దడం కాదమ్మా, ఆమెతో అలా చెప్పించింది నేనే."

"అయినా సరే."

అందరూ వెనక్కి తిరిగారు. తలుపు దగ్గర సరోజక్క పక్కన కూర్చున్న దుర్గవ్వ లేచింది.

"నిన్న చెప్పింది నిన్నటికి నిజం కాదు. ఇవాళ్టికి నిజం," అంది. "నిన్నటి దాకా నీలక్కకి ఇచ్చాను. ఇవాళ ఎవరికీ ఇవ్వలేదు."

"రేపటినుంచి?" శాంభవి అడిగింది.

"అది ఇంకా అనుకోలేదు."

హాస్టల్ వార్డెన్ కుర్చీలో ముందుకి వంగాడు. "ఎండు కడక్ రొట్టెలేనా అమ్మా? నిలవుంటాయా? మా పిల్లలకి రోజూ కావాలి."

నీలవ్వ గిరుక్కున తల తిప్పింది. వార్డెన్! నిన్న ఊలు ఉండ పట్టుకుని ఎవరికి విసరాలో తెలియక నిలబడ్డ మనిషి. ఈ మనిషిని తను లెక్కలో వేసుకోనే లేదు. కేరికి దారి ఒక్క తనకే తెలిసినన్నాళ్ళూ దుర్గవ్వకి తను తప్ప దిక్కు లేదు. ఇప్పుడా దారి గదిలో అందరికీ చూపించేసింది, తన నోటితో, లేచి నిలబడి మరీ.

"రొట్టె సంగతి సభలో ఏం మాట్లాడతాం సార్," అంది దుర్గవ్వ. "కావలసినవాళ్ళు ఇంటికి రండి."

కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనకే ఈరప్ప ఎవరితోనూ మాట్లాడకుండా చెప్పులు తొడుక్కున్నాడు. ఈరప్పతో వ్యాపారం తెగిపోయిందని నీలవ్వ అనుకుంది. కాలేజీ పెద్దాయన వచ్చి ఆమె చేసింది చాలా విలువైనదని చెప్పాడు. విలువ ఎంత అని అడగబోయి ఊరుకుంది.

ఆదివారం ఇంకా వెలుతురు సరిగ్గా రాకముందే ఆమె బుట్టతో బయల్దేరింది. వార్డెన్ కంటే ముందు చేరాలి. సందు మొదట్లో బండ పక్కన ఓ మోటారు సైకిలు నిలబెట్టి ఉంది. హాస్టల్‌వాళ్ళదనుకుంది. బండ దగ్గర ఆగింది. ఇక్కణ్ణుంచి పిలిస్తే దుర్గవ్వ రాదని తెలుసు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఎన్నో ఏళ్ళుగా చూస్తూ కూడా నడవని ఆ సందులోకి నడిచింది. మూడు గుమ్మాలు దాటితే దుర్గవ్వ వాకిలి.

వాకిట్లో నులకమంచం మీద ఈరప్ప కూర్చుని ఉన్నాడు. పక్కన తాగేసిన టీ గ్లాసు బోర్లించి ఉంది.

ఆయన నీలవ్వని చూశాడు. తడబడలేదు. "నేనిక్కడికి రాలేదు, నువ్వు చూళ్ళేదు," అన్నాడు నెమ్మదిగా.

"పేరు తేవద్దన్నావు కదన్నా."

"నువ్వు తెచ్చేశావు కదా. ఇంక మధ్యలో నువ్వెందుకని నేనే వచ్చా." దుర్గవ్వ వైపు తిరిగాడు. "ఊఁ, ఏమంటావు? వార్డెన్ వచ్చేలోపు తేల్చు."

దుర్గవ్వ పెనం మీది రొట్టెకి తడిగుడ్డ అద్దుతోంది. పొంగిన రొట్టెని చేత్తోనే తిరగేసింది. తల ఎత్తకుండానే అంది: "ఆయనతో అయ్యాక నీతో మాట్లాడతాలే అక్కా. కూర్చో."

ఎక్కడ కూర్చోవాలో నీలవ్వకి తెలియలేదు. పొయ్యి పక్కన ఒక పీట ఉంటే కూర్చుంది. బుట్ట ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. లోపలినుంచి ఎవరో వచ్చి టీ గ్లాసు చేతికిచ్చారు. బండ లేదు మధ్యలో, చేతినుంచి చేతికే వచ్చింది. వేడిగా ఉంది. ఈరప్ప గొంతు తగ్గించి ఏదో ధర చెబుతున్నాడు. దుర్గవ్వ తల అడ్డంగా ఊపుతోంది. ఎంతన్నాడో వినబడక నీలవ్వ ఆ వైపు ఒరిగింది, చెవి అటే పెట్టి, గ్లాసులోది ఒక గుక్క తాగింది. తర్వాత ఇంకో గుక్క.